రాయగడ నుంచి పూరీకి రాత్రి బస్సు: వీపున బ్యాగులతో మేమిద్దరం

పూరీ గురించి వెతికితే దర్శనం వేళలు, టూరు ప్యాకేజీల రేట్లు బోలెడన్ని దొరుకుతాయి. కారు లేకుండా, వెంట పెద్దవాళ్లెవరూ లేకుండా, మొగుడూ పెళ్లాలిద్దరే వీపున బ్యాగు తగిలించుకుని రాత్రి బస్సెక్కి తెల్లారి దిగితే ఏం జరుగుతుందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ముఖ్యంగా ఆడవాళ్లకి ఏం ఇబ్బందులొస్తాయో అసలు ఎవరూ రాయరు. మేం 2025 జనవరి 21 రాత్రి ఒడిశాలో మా ఊరు రాయగడలో బయల్దేరి 25 పొద్దున్న ఇల్లు చేరాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

మా ఆయన నాకు మేనమామ కొడుకే, చిన్నప్పటి నుంచి బావ అనే పిలుస్తాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. పెళ్లయి రెండేళ్లు దాటింది. ఉమ్మడి ఇల్లు, బావకి షాపు, నాకు ఇంకో షాపులో లెక్కలు రాసే పని, ఇంట్లో ఎప్పుడూ చుట్టాలు. ఇద్దరం కూర్చుని గంటసేపు మాట్లాడుకోవాలంటే మేడ మీద బట్టలు ఆరేసే టైమే మాకు దొరికేది. సంక్రాంతి హడావుడి అయ్యాక పూరీ వెళ్తామని చెప్తే మా అత్త, "జగన్నాథుడి దగ్గరికి ఇద్దరే వెళ్తారేటి, అందరం కలిసి బండి కట్టుకుని వెళ్దాం" అంది. ఆవిడ తప్పేమీ లేదు, మా వైపు పూరీ అంటే ఇల్లంతా కదలాల్సిందే. మావయ్యే "ఈసారికి వాళ్లని వెళ్లనీ" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా.

ముందు రైలే చూశాం. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపరంతా వెయిటింగ్ లిస్టు, పైగా అది భువనేశ్వర్ దాకానే, అక్కడ దిగి మళ్లీ పూరీకి వేరే రైలో బస్సో చూసుకోవాలి. అందుకని బస్సు. ఏసీ స్లీపరు బస్సులో ఒక వైపు ఇద్దరు పడుకునే బెర్తులు, రెండో వైపు ఒక్కరివి ఉంటాయి. మాకు పైన ఇద్దరి బెర్తు దొరికింది, ఇద్దరికీ కలిపి 1,700. జంటగా వెళ్లేవాళ్లు ఈ బెర్తు దొరక్కపోతే తేదీ మార్చుకోండి, ఎందుకంటే విడివిడిగా తీసుకుంటే పక్కన ఎవరొస్తారో చెప్పలేం. కర్టెన్ లాగేసుకుంటే లోపల మనమే.

బ్యాగుల విషయం కొంచెం వివరంగా చెప్తాను. సూట్‌కేసు వద్దని నేనే పట్టుబట్టాను. బావ కాలేజీ రోజుల్నాటి బ్యాగొకటి, మా తమ్ముడి దగ్గర అడిగి తెచ్చిన పెద్ద బ్యాగొకటి. ఒక్కొక్కరికి మూడు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక శాలువా, సన్నటి తువ్వాలు, టార్చి, చిన్న తాళాలు, పవర్ బ్యాంకు, ఆధార్ కార్డులు, నా వైపు నుంచి ప్యాడ్లు, పేపరు సబ్బు, ఓ పాత పేపరు. నాకు ఘాటు రోడ్డు పడదు, వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర బస్సెక్కడానికి గంట ముందే వేసుకున్నాను. మొత్తం సామాను వీపు మీదే ఉండటం వల్ల చేతులు ఖాళీగా ఉంటాయి, చీకట్లో ఆటోవాళ్లు చుట్టుముట్టినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఏడున్నరకి రావాల్సిన బస్సు ఏడూ యాభైకి వచ్చింది. ఎక్కగానే మొదటి ఆశ్చర్యం, పై బెర్తుకి నిచ్చెన అంటే సన్నటి ఇనప మెట్లు రెండే. చీరలో ఎక్కలేరు, చుడీదారే మంచిది. రెండోది, దుప్పట్లు ఇవ్వరు. జనవరి చలి, దానికి తోడు ఏసీ, అది ఎంత తిప్పినా తగ్గదు. ఏసీ రంధ్రంలో పాత పేపరు కుక్కి, శాలువాలు కప్పుకుని, పైన దుప్పటి వేసుకుంటే అప్పుడు సర్దుకుంది. మూడోది పై బెర్తు ఊగుడు. గుణుపురం వచ్చేదాకా మలుపు తిరిగినప్పుడల్లా నేను బావ మీదకి, లేకపోతే బావ నా మీదకి దొర్లుతూనే ఉన్నాం. గోడ వైపు నేను పడుకున్నాను. కింద ఎవరో ఒడియా సినిమా పెట్టి వాల్యూం తగ్గించకుండా చూస్తున్నారు. పది గంటలకి గుణుపురంలో ఇంకొందరు ఎక్కారు. అప్పటికి అమ్మ కట్టిన పులిహోర తినేసి, ఆ చీకట్లో గుసగుసగా మాట్లాడుకుంటూ ఉన్నాం. పెళ్లయ్యాక అంత సేపు, ఎవరూ పిలవకుండా, మధ్యలో లేచి పని చూసుకోవాల్సిన అవసరం లేకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి. బావకి చిన్నప్పుడు ఉద్యోగం చేయాలని ఉండేదట, షాపు తన మీద పడిందట. ఈ మాట ఇన్నాళ్లూ నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి, బాత్రూం. పన్నెండు గంటలకి ఒక ధాబా దగ్గర పావుగంట ఆపారు. మగవాళ్లందరూ రోడ్డు పక్కకి వెళ్లిపోయారు. ఆడవాళ్లం ఏడెనిమిది మందిమి ధాబా వెనక్కి వెళ్లాం. అక్కడ ఒకే ఒక్క గది, బల్బు లేదు, తలుపుకి గొళ్లెం ఊడిపోయి ఉంది, బకెట్లో అడుగున నీళ్లు. అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు లాగి పట్టుకున్నారు. నా ముందు ఉన్న అమ్మాయికి నేను పట్టుకున్నాను, నాకు ఒక ఆదివాసీ పెద్దావిడ పట్టుకుంది, ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. టార్చి ఎందుకు పెట్టుకోమన్నానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఈ భయంతోనే చాలామంది ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు మానేసి ఎక్కుతారు. అది చేయకండి, తలనొప్పి, మూత్రంలో మంట రెండూ వస్తాయి. కొద్దికొద్దిగా తాగండి, ఎక్కే ముందు బస్సువాళ్లని ఎక్కడెక్కడ ఆపుతారో నిలదీసి అడగండి. అడగడానికి సిగ్గు పడాల్సిన పని లేదు, టికెట్ డబ్బులు మనం పూర్తిగానే కడుతున్నాం.

బరంపురం ఎప్పుడు దాటిందో తెలియదు. చిలికా సరస్సు పక్కనుంచి వెళ్లే రోడ్డని తెలుసు, కళ్లు చికిలించి చూశాను, చీకటి తప్ప ఏమీ కనబడలేదు. నాలుగుంబావుకి భువనేశ్వర్ బరముండా బస్టాండు. అక్కడ సగం బస్సు ఖాళీ అయింది, ఇరవై నిమిషాలు ఆగింది. కొత్తగా కట్టిన బస్టాండు కాబట్టి బాత్రూంలు శుభ్రంగా ఉన్నాయి, లైట్లున్నాయి, లోపల గొళ్లెం ఉంది. మొహం కడుక్కుని, పళ్లు తోముకుని, బట్టలు సర్దుకుంది అక్కడే. మీ బస్సు బరముండాలో ఆగితే నిద్రమత్తుగా ఉన్నా సరే దిగండి, తర్వాత గది దొరికేదాకా ఇంకెక్కడా ఇంత సౌకర్యం ఉండదు.

ఐదు నలభైకి బస్సు మాలతీపాట్‌పూర్‌లో దింపేసింది. పూరీ వచ్చేశామనుకుని దిగుతాం, కానీ సముద్రం అక్కడి నుంచి ఇంకా చాలా దూరం, ఆటోలోనే పావుగంటకి పైగా పడుతుంది. ఆటోవాళ్లు 400తో మొదలుపెట్టారు. బావకి ఒడియా బాగా వచ్చు, పుట్టి పెరిగింది రాయగడలోనే కదా, 250కి కుదిర్చాడు. చక్రతీర్థ రోడ్డుకి, అంటే అందరూ సీటీ రోడ్డు అనే చోటుకి, ఆరుంపావు లోపే చేరాం. పూర్వం విదేశాల నుంచి బ్యాగులేసుకుని వచ్చేవాళ్లంతా దిగేది ఈ రోడ్డులోనేనట. జనం ఎక్కువుండే స్వర్గద్వారం ఒడ్డు వైపున్నంత గోల ఇక్కడ ఉండదు, గదులు చవక.

సందులోంచి ఇసకలోకి దిగేసరికి ఆకాశం ఎర్రబడుతోంది. చలికాలంలో పూరీలో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. బ్యాగులు దించకుండా అలాగే నిలబడిపోయాం. బావ నా చెయ్యి పట్టుకున్నాడు, మా ఊళ్లో బజార్లో ఎప్పుడూ పట్టుకోడు. రాత్రంతా పడ్డ కష్టం నేను ఆ పావుగంటలో మర్చిపోయాను, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక్కడే పూరీ గురించి అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇక్కడ చాలా లాడ్జిల్లో రోజంటే పొద్దున్న ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది దాకానే. మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేసే అలవాటుతో వస్తే దెబ్బతింటారు. ఆరింటికి వెళ్లి తలుపు కొడితే ఇంకో రోజు డబ్బు అడుగుతారు. కాబట్టి బస్సు దిగాక రెండు గంటలు బయట గడపడానికి సిద్ధపడే రావాలి.

మేం ఒడ్డునే ఒక టీ బండి దగ్గర కూర్చున్నాం. బావ నాతో "బ్యాగు దించు, వీపు నొప్పెడుతుంది" అన్నాడో లేదో, టీ కాచే పెద్దావిడ తలెత్తి "ఏ ఊరు బాబూ మీది?" అంది. తెలుగులో! రాయగడ అని చెప్పాం. "అక్కడా మనోళ్లున్నారా?" అని ఆశ్చర్యపోయింది. ఆవిడది పక్కనే పెంటకోట, జాలరిపేట. అక్కడ వేలమంది తెలుగువాళ్లే, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వలలు పట్టుకుని వచ్చినవాళ్లు. పూరీ సముద్రంలో జనాన్ని చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నూలియాలు వీళ్లే. "మా తాతల్ది సోంపేట కాడ, నేను ఇక్కడే పుట్టినాను, మా మనవలు ఒడియా బళ్లోనే సదువుతున్నారు, ఇంట్లో మాత్రం మన మాటే" అంది. నాకు ఆ మాట మనసుకి తగిలింది, ఎందుకంటే మా ఇంట్లో పరిస్థితీ అదే. రెండు టీలకి ఇరవై, ఆవిడ ఇచ్చిన బిస్కట్లకి డబ్బు తీసుకోలేదు.

ఎనిమిదికి, ఆన్‌లైన్లో ముందే బుక్ చేసిన లాడ్జికి వెళ్లాం. పేరు రాయను. కౌంటర్లో కుర్రాడు ఇద్దరి ఆధార్లు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బావది రాయగడ అడ్రసు. నాది ఇంకా పార్వతీపురం అడ్రసే, పక్కన నాన్న పేరు. ఇద్దరి రాష్ట్రాలే వేరు, మ్యారేజీ సర్టిఫికెట్ చూపించమన్నాడు. మాది గుళ్లో పెళ్లి, సర్టిఫికెట్ ఇంట్లో బీరువాలో ఉంది. ఫోన్లో పెళ్లి ఫొటోలు చూపించాం, పక్కనే మా అత్తామావయ్యలు నిలబడ్డ ఫొటో కూడా. మెడలో పుస్తెలు, నల్లపూసలు, కాళ్లకి మెట్టెలు, ఇంకేం చూపించాలి? కుర్రాడు లోపలికి వెళ్లి వచ్చి, మేనేజ్‌మెంటు రూలు, ఇవ్వలేం అన్నాడు. నలభై నిమిషాలు నిలబెట్టాక. వెనక సోఫాలో కూర్చున్న కుటుంబం మొత్తం మమ్మల్నే చూస్తోంది. నేను ఏ తప్పూ చేయలేదని తెలిసి కూడా నా మొహం వేడెక్కిపోయింది. బావ గొంతు పెంచబోతే నేనే బయటికి లాక్కొచ్చాను. తర్వాత ఆలోచిస్తే కోపం ఇంకా పెరిగింది. పెళ్లి కాని ఇద్దరు పెద్దవాళ్లకి గది ఇవ్వకూడదన్న చట్టం ఈ దేశంలో లేదు, వాళ్లనీ ఇలా నిలబెట్టి చూడటం తప్పే. ఆన్‌లైన్లో కట్టిన డబ్బు వెనక్కి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, రెండుసార్లు ఫోన్ చేస్తే గానీ రాలేదు. పెళ్లయి ఆధార్ మార్చుకోని ఆడవాళ్లు మ్యారేజీ సర్టిఫికెట్ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకోండి. పెట్టుకోవాల్సి రావడమే అన్యాయం, అయినా పెట్టుకోండి.

మళ్లీ టీ బండి దగ్గరికే వెళ్లాం. ఆవిడ మా మొహాలు చూసి ఏమీ అడగకుండా పక్కసందులో ఒక పాత ఇల్లు చూపించింది. కింద ఇంటివాళ్లు, మేడ మీద ఐదు గదులు. ముసలాయన ఒకరు పెద్ద రిజిస్టరు తెరిచి, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు అని రాయించుకుని, ఇద్దరి చేత సంతకం పెట్టించుకుని, ఆధార్ జిరాక్సులు ఉంచుకుని తాళం ఇచ్చారు. ఒక్క ప్రశ్న కూడా అదనంగా అడగలేదు. రోజుకి 900. ఏసీ లేదు, టీవీ లేదు, వేణ్నీళ్లు పొద్దున్న ఏడుకి బకెట్లో పట్టుకొస్తారు. దోమతెర ఉంది, కిటికీలోంచి సముద్రం హోరు వినబడుతుంది. స్నానం చేసి పడుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి మెలకువ వచ్చింది.

ఆ సాయంత్రం నడుచుకుంటూ స్వర్గద్వారం వైపు వెళ్లాం. ఒంటెలు, గవ్వల దుకాణాలు, వేపుడు చేపల బళ్లు, ఇసకేస్తే రాలనంత జనం. ఆ పక్కనే శ్మశానం, చితులు మండుతూనే ఉంటాయి. పూరీలో దహనమైతే స్వర్గమని దూరాల నుంచి తీసుకొస్తారు. ఒకవైపు పిల్లల కేరింతలు, ఒకవైపు పొగ. నాకు కాసేపు మాట రాలేదు. బావ అయితే వాళ్ల తాతయ్యని తలుచుకున్నాడు. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

23 గురువారం కోణార్క్ సూర్యదేవాలయం. సీటీ రోడ్డులోనే స్కూటీ అద్దెకిస్తారు, రోజుకి 450, వెయ్యి అడ్వాన్సు, ఒరిజినల్ లైసెన్సు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఫోన్లో డిజీలాకర్‌లో లైసెన్సు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే రోడ్డు మీద పోలీసులు ఆపితే ఏం చూపిస్తాం? పెట్రోలు 200. పూరీ నుంచి కోణార్క్ 35 కిలోమీటర్లు, మెరైన్ డ్రైవ్ అంటారు, రెండు వైపులా సరుగుడు తోటలు, అడవి, అక్కడక్కడా జింకల బోర్డులు. మాకు జింక కనబడలేదు, కోతులు మాత్రం కనబడ్డాయి. దారిలో కుశభద్ర నది సముద్రంలో కలిసే చోట రామచండీ గుడి ఉంది. అక్కడ ప్రశాంతంగా కూర్చుందామని వెళ్తే పదుల బస్సులు, పెద్ద పెద్ద సౌండు బాక్సులు, డేక్షాల్లో మాంసం, డాన్సులు. ఒడిశాలో జనవరి అంటే పిక్నిక్‌ల నెల, పైగా ఆ రోజు నేతాజీ జయంతి సెలవు. తేదీలు చూసుకునేటప్పుడు ఆంధ్ర క్యాలెండరు కాదు, ఒడిశా సెలవులు చూసుకోవాలి. మేం ఇక్కడే ఉండేవాళ్లమైనా మా ఇంట్లో గోడకి వేలాడేది తెలుగు క్యాలెండరే.

కోణార్క్‌లో టికెట్ మనిషికి 40, లైను ముప్పావుగంట. ఎంత చదివినా ఎదురుగా చూస్తే వేరు. గుడిని రథంలా కట్టి చెక్కిన రాతి చక్రాల్లో ఒకదాని ముందు చాలాసేపు ఉండిపోయాను. మనిషిని మించిన ఎత్తు, ఎనిమిది లావు ఆకులు (మధ్య నుంచి అంచుకి వెళ్లే కమ్మీలు), వాటి మధ్య ఎనిమిది సన్నవి, లావు ఆకుల మధ్యలో గుండ్రటి బిళ్లలు, ఒక్కో బిళ్లలో అరచేతంత బొమ్మ, అందులో ఆడమనిషి జడ అల్లిక కూడా కనబడుతుంది. ఏడు వందల ఏళ్లకి పైగా ఉప్పు గాలి తింటూ అలా నిలబడి ఉంది. జగమోహనం, అంటే గుడి ముందు మండపం, కూలిపోకుండా 1903లో లోపలంతా ఇసక నింపి మూసేశారు, అందుకే లోపలికి వెళ్లడానికి లేదు. అది తెలియక దర్శనం లైను ఎక్కడని అడిగేవాళ్లు చాలామంది కనబడ్డారు. అది పూజ జరిగే గుడి కాదు. దగ్గర్లోని చంద్రభాగ సముద్రపు ఒడ్డున కాసేపు కూర్చుని చీకటి పడకముందే పూరీ వచ్చేశాం. స్కూటీ వెనక కూర్చుని ఆ సరుగుడు చెట్ల గాలి పీల్చుకుంటూ వచ్చిన గంట ఉంది చూడండి, ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా ఇష్టమైనది అదే.

24 పొద్దున్న ఎనిమిదికి గది ఖాళీ చేయాలి కాబట్టి ఆరుకే సముద్ర స్నానానికి వెళ్లాం. పూరీ అలలు మన భీమిలి అలల లాంటివి కావు. ఒడ్డు దగ్గరే లోతు, వెనక్కి లాగే పట్టు ఎక్కువ. టీ బండి ఆవిడ వాళ్ల అన్న కొడుకుని పిలిచింది, నూలియానే, మనిషికి వంద. అతను మొదట చెప్పింది, "వేళ్లు పట్టుకోకమ్మా, జారిపోతాయి, మణికట్టు పట్టుకో". అతని మణికట్టు నేను, నా మణికట్టు అతను. అలకి ఎదురుగా రొమ్ము పెట్టకుండా పక్కకి తిరగమన్నాడు. అల మీద నుంచి వెళ్లిపోయాక అయిపోయిందనుకుంటాం కదా, అప్పుడే కాళ్ల కింద ఇసక సర్రున జారిపోతుంది, మడమల దగ్గర గుంట పడుతుంది, ఆ క్షణంలోనే చాలామంది పడిపోతారట. మూడో అలకి నా భయం పోయింది. తడి బట్టలు మార్చుకోవడానికి ఒడ్డున ఆ సమయంలో చోటేమీ లేదు, గది దగ్గరలో ఉంటే తువ్వాలు కప్పుకుని నడిచి వచ్చేయడమే.

ముసలాయన బ్యాగులు సాయంత్రం దాకా ఉంచుకోవడానికి వంద తీసుకున్నారు. రైల్వే స్టేషన్ క్లోక్‌రూం కూడా ఉంది గానీ తాళం వేయని బ్యాగు అక్కడ తీసుకోరు, జిప్పులకి వేసే చిన్న తాళాలు అందుకే.

గుడికి ఏం వేసుకోవాలో ముందే చూసుకోండి, 2024 జనవరి 1 నుంచి డ్రస్ కోడ్ ఉంది, షార్టులు, చిరుగుల జీన్సులు, చేతుల్లేని జాకెట్లు కుదరవు. నేను చీర కట్టుకున్నాను, బావ పంచె. ఫోను, తోలు బెల్టు, తోలు పర్సు లోపలికి వెళ్లవు. కౌంటర్లో ఫోన్లు ఇచ్చి టోకెన్ తీసుకోవడానికి పాతిక నిమిషాలు. ఇక్కడ ఎవరికీ తట్టని సంగతి, ఫోను లేకపోతే ఫోన్‌పే లేదు. లోపల ప్రసాదం కొనాలంటే నోట్లే కావాలి. మేం ఐదు వందలు చిల్లరగా గుడ్డ సంచిలో పెట్టుకెళ్లాం.

లైను దాదాపు రెండు గంటలు. ఇరవై రెండు మెట్లు ఎక్కి లోపలికి వెళ్తున్నప్పుడు తోపులాటలో నేను బావ వెనక పడిపోయాను, కాసేపు కనబడలేదు, ఫోను కూడా లేదు కదా, గుండె దడదడలాడింది. ఒకవేళ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో బయటే అనుకుని ఉన్నాం, సింహద్వారం ముందు అరుణస్తంభం దగ్గర. ఆ అవసరం రాలేదు, దర్శనం దగ్గర మళ్లీ కలిశాం. ఆ గుండ్రటి పెద్ద కళ్లు, నల్లటి మొహం, కొన్ని క్షణాలే. ఏమీ కోరుకోలేదు నేను. కోరుకోవాలని గుర్తు రాలేదు.

గుడి ఆవరణలోనే ఉండే ఆనందబజారులో మహాప్రసాదం. మట్టి కుండల్లో (కుడువలంటారు) అన్నం, పప్పూ కూరగాయలూ కలిపి వండే డాల్మా, ఆవపిండి కూర బెసర, తియ్యటి పాయసం లాంటి ఖీరి. ధర అడిగి, బేరమాడి, 320కి ఇద్దరం తినలేనంత వచ్చింది. నేల మీద ఆకు పరుచుకుని తినడమే. పక్కన ఎవరో బెంగాలీ కుటుంబం, ఇటు పక్క ఎవరో కూలీ పని చేసుకునేవాళ్లు, అందరిదీ ఒకే వంట, వాళ్ల కుడువలోంచి మా ఆకులో ఒక గరిటె, మాది వాళ్ల ఆకులో ఒక గరిటె. అక్కడ ఎంగిలి పట్టింపు లేదు, కులం పట్టింపు లేదు. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, మిరప లేని వంట ఇంత రుచిగా ఉంటుందని నేను అనుకోలేదు. మా అత్త కోసం నిర్మాల్యం, అంటే ఎండబెట్టిన మహాప్రసాదం అన్నం, పొట్లం తీసుకున్నాం, బయటికొచ్చాక ఇంటికి, షాపులో వాళ్లకి 400 పెట్టి ఖాజాలు కొన్నాం.

సాయంత్రం గుడి గోపురం మీద జెండా మార్చడం బయట రోడ్డు మీద నుంచి చూశాం. తాడు లేదు, ఏ ఆధారమూ లేదు, 214 అడుగుల గోపురం మీదకి మనిషి పాక్కుంటూ ఎక్కిపోతుంటే కింద జనమంతా చప్పుడు లేకుండా ఉండిపోయారు. దిగేదాకా నేను ఊపిరి సరిగ్గా పీల్చలేదు.

తిరుగు బస్సు రాత్రి ఏడున్నరకి మాలతీపాట్‌పూర్‌లో. తొమ్మిదీ పదికి వచ్చింది. గంటా నలభై నిమిషాలు, దోమలు, కూర్చోడానికి బెంచీలన్నీ నిండిపోయాయి, ఫోన్ చేస్తే ఇదిగో వస్తున్నాం అంటారు, ఎక్కడున్నారో చెప్పరు. బస్సు ఇంకోవైపు ఆగితే అందరం బ్యాగులతో పరుగెత్తాం. తిరుగు టికెట్ 1,600, ఈసారి కింద బెర్తు, ఊగుడు సగానికి సగం తక్కువ. కింద బెర్తు దొరికితే వదలకండి. దారిలో ధాబా అదే, తలుపు అదే, ఈసారి పట్టుకోవడానికి ఎవరినీ అడగాల్సిన పని లేకుండా నేనే ముందు నిలబడ్డాను. 25 పొద్దున్న ఎనిమిదికి కాస్త ముందు రాయగడ.

ఖర్చు మొత్తం రాస్తున్నాను, చాలామంది అడుగుతున్నారు. బస్సులు రానూపోనూ 3,300, గది రెండు రాత్రులకి 1,800, స్కూటీ పెట్రోలుతో 650, ఆటోలు 540, తిండి, టీలు 2,300 దాకా, మహాప్రసాదం 320, నూలియాకి 200, కోణార్క్ టికెట్లు 80, బ్యాగులకి 100, ఖాజాలు 400. ఇద్దరికీ కలిపి పదివేల లోపే అయింది. చేపల కూర రెండు పూటలా తినకపోతే ఇంకా తగ్గేది, కానీ ఆ పొమ్‌ఫ్రెట్ వేపుడు మానుకోమని నేను ఎవరికీ చెప్పను.

అత్త నిర్మాల్యం కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టింది. తర్వాత గది ఎలా ఉంది, బస్సు ఎలా ఉంది, బాత్రూం ఎక్కడ అని అన్నీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. వచ్చే చలికాలం వాళ్లిద్దరినీ తీసుకెళ్తాం. మావయ్యకి మోకాళ్ల నొప్పులు, ఆ ఇనప మెట్లు ఎక్కలేరు, ఆ ధాబా అత్తకి అసలు కుదరదు, అందుకని ఈసారి రెండు నెలల ముందే హీరాఖండ్‌లో కింద బెర్తులు తీసుకుంటాం. గది మాత్రం ఆ ముసలాయన దగ్గరే, ఫోన్ నంబరు రాసుకొచ్చాను.